కసరత్తు మొదలుపెట్టాక బరువు పెరిగితే ఏం చేయాలి?

జిమ్‌లో చేరో, తెల్లవారుజామున విశాఖ ఆర్.కె. బీచ్ ఇసుకలో పరుగు మొదలుపెట్టో పది రోజులు తిరక్కుండానే మిషన్ ఎక్కితే కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. చాలామంది ఆ వారంలోనే మానేస్తారు. కొందరు అన్నం మానేస్తారు, నీళ్లు తగ్గిస్తారు. ఇవేవీ అక్కర్లేదు. ఆ పెరిగిన బరువులో చాలావరకు నీరే. దాన్ని ఎలా గుర్తించాలో, తగ్గేదాకా ఏం చేయాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలో చూద్దాం.

1. ముందు లెక్క వేసుకోండి

ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికన్నా సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. వారంలో కిలోన్నర కొవ్వు అంటే రోజుకు 1,650 కేలరీలు అదనం. మామూలు తిండికి తోడు దాదాపు ఇంకో మనిషి భోజనం తింటే తప్ప అది జరగదు. పోనీ కండ అనుకుందామా అంటే, కొత్తగా బరువులు ఎత్తే మగవారికే నెలకు అర కిలో నుంచి కిలో పెరగడం గొప్ప. ఆడవారికి ఇంకా తక్కువ. ఇక మిగిలింది నీరు.

ఆ నీరు మూడు చోట్ల చేరుతుంది. అలవాటు లేని పని చేసినప్పుడు కండర పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. వాటిని బాగుచేసే క్రమంలో అక్కడ వాపు వస్తుంది. నొప్పి మర్నాడు మొదలై రెండు, మూడు రోజుల్లో ఎక్కువై, వారంలోపు పోతుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం వల్లే ఈ చిట్లడం ఎక్కువ. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి కాబట్టి. అలవాటు లేకుండా కైలాసగిరి మెట్లో, సింహాచలం మెట్లో ఎక్కి దిగినవారికి మూడో రోజు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోవడం అందుకే. ఆషాఢ పౌర్ణమి వేళ 32 కిలోమీటర్ల సింహగిరి ప్రదక్షిణ చేసినవారికీ రెండు మూడు రోజులు పాదాలు బరువెక్కి ఉంటాయి.

రెండోది గ్లైకోజెన్. కండరాలు పిండిపదార్థాన్ని ఈ రూపంలో దాచుకుంటాయి. కసరత్తు అలవాటయ్యేకొద్దీ ఎక్కువ దాచుకుంటాయి. గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. 150 గ్రాములు అదనంగా నిల్వ చేరితే నీటితో కలిపి 600 గ్రాములు. ఇది మీకు బలం, తగ్గించుకోవాల్సింది కాదు. మూడోది రక్తంలోని ద్రవభాగం. పరుగు, సైకిల్ లాంటివి మొదలుపెట్టిన వారంలోపే ఇది పెరగడం మొదలవుతుంది. విశాఖలో లాగా ఉక్కపోతలో చేస్తే ఇంకాస్త ఎక్కువ. గుండె పని సులువవుతుంది, చెమట పట్టి ఒళ్లు చల్లబడటం మెరుగవుతుంది.

2. బరువు చూసే పద్ధతి మార్చండి

అసలు చిక్కు ఎక్కువమందికి ఇక్కడే. సాయంత్రం జిమ్ నుంచి వచ్చి, చెమటకు తడిసిన బట్టలతో, టిఫిన్ తిని చూసిన బరువుకు అర్థం లేదు. ఉదయం లేవగానే, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు, పలచటి బట్టలతో చూడండి. మిషన్ గట్టి నేల మీద ఉండాలి. చాప మీదో, కార్పెట్ మీదో పెడితే తప్పు చూపిస్తుంది. రోజూ ఒకే మిషన్, ఒకే చోటు.

రోజువారీ అంకెను నమ్మకండి. ఏడు రోజులు రాసుకుని సగటు తీయండి. ఉదాహరణకు కసరత్తు మొదలుపెట్టిన రోజు 72.0, ఆపై వరసగా 72.4, 72.9, 73.1, 72.8, 72.6, 72.3 వచ్చిందనుకోండి. సగటు 72.6. నాలుగో రోజు 73.1 చూసి బెంబేలెత్తితే తర్వాతి మూడు రోజుల తగ్గుదల కంట పడదు. నాలుగో వారం సగటును మొదటి వారం సగటుతో పోల్చండి. ఆడవారికి నెలసరికి ముందు నీరు చేరి కిలో వరకు పెరగడం మామూలే. కాబట్టి ఈ నెల నెలసరికి ఎన్ని రోజుల ముందో, తర్వాతో చూశారో, వచ్చే నెల నెలసరికి అన్నే రోజుల దూరంలో చూసినదానితో పోల్చాలి.

మిషన్‌తో పాటు కుట్టుపని టేపు ఒకటి కొనుక్కోండి. వారానికోసారి ఉదయం, మామూలుగా ఊపిరి వదిలాక, బొడ్డు దగ్గర కొలవండి. పొట్ట లోపలికి పీల్చవద్దు. బరువు అలాగే ఉండి నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే మీరు చేస్తున్నది పనిచేస్తోంది.

3. నీళ్లు తగ్గించకండి, అతిగానూ తాగకండి

నీరు చేరిందని తాగడం మానేస్తే శరీరం ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. మీకు ఎంత పోతోందో తెలియాలంటే ఒకరోజు వ్యాయామానికి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూడండి. మధ్యలో ఏమీ తాగకపోతే, 800 గ్రాములు తగ్గితే 800 మిల్లీలీటర్ల చెమట పోయినట్టు. దానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే లీటరు నుంచి 1.2 లీటర్లు, మూడు నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా తాగండి. వ్యాయామం తర్వాత బరువు ముందుకన్నా పెరిగితే అవసరానికి మించి తాగారన్నమాట. అదీ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

గంట నడకకు ఓఆర్ఎస్ అక్కర్లేదు. మంచినీళ్లు చాలు.

4. ఉప్పు సంగతి

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లోనూ దాదాపు అదే నిష్పత్తి. ఒక పూట నాలుగైదు గ్రాముల ఉప్పు అదనంగా పడితే, మూత్రపిండాలు దాన్ని బయటకు పంపేదాకా సుమారు అర లీటరు నీరు దాంతో పాటు ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు. ఆవకాయ, ఎండు చేపలు, అప్పడాలు ఒకే భోజనంలో కలిస్తే ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. వాటిని మానేయమనడం లేదు. తిన్న మర్నాటి బరువును లెక్కలోకి తీసుకోకండి.

5. తిండిలో అన్నం తీసేయకండి

అన్నం మానేస్తే రెండు మూడు రోజుల్లో కిలోకు పైగా తగ్గుతుంది. తగ్గింది గ్లైకోజెన్, దాని వెంటనున్న నీరు. మళ్లీ అన్నం తినగానే తిరిగి వస్తుంది. ఈలోగా కాళ్లలో సత్తువ ఉండదు, పరుగు సాగదు. దీనికన్నా ప్రోటీన్ మీద దృష్టి పెట్టడం మేలు. కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు చొప్పున 65 కిలోల మనిషికి 80 నుంచి 100 గ్రాములు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో దాదాపు 20 ఉంటాయి. చేపలు దొరికే ఊళ్లో ఇది పెద్ద కష్టం కాదు. శాకాహారులు పప్పు, శనగలు, పెరుగు ప్రతి పూటా వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

ఇంకో మాట. 65 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే కరిగేది సుమారు 250–300 కేలరీలు. తిరుగు దారిలో ఉప్మా పెసరట్టు తింటే అది అక్కడికక్కడే చెల్లు. మొదటి వారాల్లో ఆకలి పెరిగే మాట నిజమే. దాన్ని ఇంటి టిఫిన్‌తో తీర్చుకోండి.

6. వేగం తగ్గించండి, మానకండి

ఒకే కండరానికి వరసగా రెండు రోజులు బరువుల పని పెట్టకండి. మధ్యలో 48 గంటలు వదలండి. ఆ ఖాళీ రోజున శివాజీ పార్కులోనో, బీచ్ రోడ్డు మీదో తేలిక నడక చాలు. ఇసుకలో పరుగు పిక్కల మీద గట్టిగా పడుతుంది కాబట్టి మొదటి రెండు వారాలు ఎక్కువగా రోడ్డు మీదే పరుగెత్తండి, ఇసుకలో పది నిమిషాలు మించకండి. అదే కసరత్తును రెండోసారి, మూడోసారి చేసేసరికి నొప్పి, వాపు బాగా తగ్గుతాయి. మానేసి చాలా నెలల తర్వాత మొదలుపెడితే మళ్లీ మొదటికొస్తుంది.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మింగవద్దు. అవి ఉప్పును, నీటిని ఒంట్లో నిలబెడతాయి, చెమట పోయి ఉన్నప్పుడు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ట్రైనర్ చెప్పాడని కండ కోసం క్రియేటిన్ అనే పొడి వాడుతుంటే మొదటి వారంలో ఒకటి, రెండు కిలోలు దానివల్లే పెరగొచ్చు. అదీ ఎక్కువగా నీరే.

7. ఇవి కనిపిస్తే ఆగండి

మూత్రం కోలా రంగులోకి మారి, కండరాలు విపరీతంగా నొప్పి, నీరసం ఉంటే కండరం విచ్ఛిన్నమై మూత్రపిండాల మీద పడుతోందని అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎక్కువ నీళ్లు తాగాక తలనొప్పి, వాంతులు, తికమక మొదలైతే, లేదా ఛాతీ నొప్పి, పడుకుంటే ఆయాసం వస్తే 108కు ఫోన్ చేయండి. రెండు కాళ్లూ వాచి, మోకాలి కింద ఎముక మీద పది సెకన్లు బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతే, లేదా బరువు వారంలో రెండు కిలోలు దాటి ఇంకా పెరుగుతుంటే అది కసరత్తు నీరని సరిపెట్టుకోవద్దు. గుండె, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పిగా ఉన్నా ఆలస్యం వద్దు.

8. ఆరో వారంలో తేల్చుకోండి

చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో నీరు సర్దుకుంటుంది. ఆరో వారం సగటు మొదటి వారం కన్నా తగ్గితే ఏదీ మార్చకండి. సగటు తగ్గకపోయినా నడుము తగ్గితే అలాగే కొనసాగించండి. రెండూ కదలకపోతే ఇక నీటి మీద నెపం వేయడానికి లేదు. మూడు రోజులు నూనె, పంచదార, టీలతో సహా తిన్నదంతా రాసి, రోజుకు 300 కేలరీలు ఎక్కడ తగ్గించవచ్చో చూడండి.