కారు బేస్ బాక్స్‌కి అగరబత్తి పరీక్ష

కారులో సబ్‌వూఫర్‌కి (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్‌కి) బాక్స్ ఇంట్లోనే చేసుకుంటున్నారా? మొదటిసారైతే పోర్ట్ (గాలి ఆడే గొట్టం) జోలికి పోకుండా, అన్ని వైపులా మూసేసిన సీల్డ్ బాక్స్ చేయండి. పోర్ట్ పొడవు లెక్క తప్పితే బేస్ సరిగ్గా రాదు. సీల్డ్ బాక్స్ చిన్నచిన్న తప్పుల్ని ఓర్చుకుంటుంది.

చెక్క 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) చాలు. అందరూ తప్పేది కొలతల్లోనే. బయట 14×14×12 అంగుళాలు ఉన్న పెట్టెకి, చెక్క మందం పోను లోపల మిగిలేది దాదాపు 0.97 ఘనపుటడుగులే. అందులో స్పీకర్ వెనకభాగం ఆక్రమించే చోటు కూడా తీసేయాలి. మీ స్పీకర్‌కి ఎంత కావాలో దాని కాగితంలో ఉంటుంది, పారేయకండి.

ఎండీఎఫ్ అంచులో నేరుగా స్క్రూ బిగిస్తే పగులుతుంది. ముందు సన్నటి డ్రిల్‌తో రంధ్రం వేసి, ఫెవికాల్ ధారాళంగా పట్టించి బిగించండి. లోపలి మూలల్లో సిలికాన్ పూసి, పూర్తిగా ఆరాకే స్పీకర్ పెట్టండి. నేను ఆత్రం ఆపుకోలేక అదే సాయంత్రం బిగించేశాను. వారం రోజులు కారంతా వెనిగర్ వాసన!

గాలి ఎక్కడ లీకవుతోందో కంటికి కనపడదు. ఫ్యాన్ ఆపి, ఫోన్‌లో 40 హెర్ట్జ్ టోన్ (ఒకే స్థాయిలో మోగే లోతైన శబ్దం) పెట్టి సబ్‌వూఫర్‌లో మోగించి, వెలిగించిన అగరబత్తిని అతుకుల వెంట మెల్లగా జరపండి. పొగ తిన్నగా లేస్తుంటే సరే. ఎక్కడైనా తుళ్లిపడిందా, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నా బాక్స్‌లో అతుకులన్నీ బాగానే ఉన్నాయి, వైరు బయటికొచ్చే రంధ్రం దగ్గరే పొగ గంతులేసింది.