హోంలో పిల్లలతో మాట్లాడాక నోట్సు రాయడం – నాలుగో పాఠం

హోంల తనిఖీకి వెళ్లబోయే మీకు పోయినసారి ఒక అబ్జర్వేషన్ హోంను (కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని విచారణ ముగిసేదాకా ఉంచే చోటు) ఊహించి, అందులోని పిల్లలు చెప్పినట్టుగా కొన్ని మాటలు ఇచ్చి, ఒక పేజీ నోట్సు రాసి పంపమన్నాను. ఆదోని, కడప, గుత్తి, ప్రొద్దుటూరుల నుంచి వచ్చాయి. అవి చదివాక, ఈసారి చెప్పాల్సిన వయసు నిర్ధారణ పాఠాన్ని పక్కన పెట్టేశాను. ఈ ఒక్క సంగతి సరిదిద్దుకోకుండా మీరు హోంలో అడుగుపెడితే పిల్లలకు మేలు కన్నా కీడే ఎక్కువ.

దాదాపు ఎవరూ పిల్లల పేర్లు రాయలేదు. పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదనే బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 గుర్తుందన్నమాట. కానీ రాసింది చూడండి: “చేతికి కట్టు ఉన్న ఎమ్మిగనూరు అబ్బాయి, రాత్రి గార్డు కొడుతున్నాడని చెప్పాడు.” నేనిచ్చిన హోంలో చేతికి కట్టున్నవాడు ఒక్కడే. ఈ వాక్యం సూపరింటెండెంట్ బల్ల మీదికి వెళ్లిన కాసేపటికే గార్డు చెవిన పడుతుంది. మీరేమో సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేస్తారు. రాత్రి డ్యూటీ మాత్రం ఆ గార్డుదే.

“పేరు రాయలేదు కదా సార్” అని ఒకరు వాదన కూడా పెట్టుకున్నారు. సెక్షన్ 74 పత్రికలు, టీవీల వంటి వాటిలో పిల్లల గుర్తింపు బయటపెట్టడం గురించి. దాన్ని మీరితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. హోం లోపలివాళ్లకు పిల్లల పేర్లు, ఊళ్లు, కేసులు అన్నీ ముందే తెలుసు. వాళ్లకు తెలియకూడనిది ఒక్కటే, ఎవరు ఏం చెప్పారన్నది. దాన్ని దాచాల్సింది మీ నోట్సు.

పేరు లేకుండానే పిల్లాణ్ని పట్టించేవి ఎన్ని ఉన్నాయో మీరు పంపిన కాగితాల్లోంచే ఏరాను. ఊరి పేరు. గాయం. కేసు రకం: “బైకు దొంగతనం కేసులో వచ్చిన అబ్బాయి.” చేరిన రోజు: “నిన్ననే వచ్చిన కుర్రాడు.” అమ్మానాన్నల సంగతి: “తల్లిదండ్రులు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయిన పిల్లాడు.” కర్నూలు పడమటి మండలాల పిల్లలయితే ఇది చాలామందికి సరిపోతుంది, కొంత నయం. చివరికి యాస కూడా! ఒకరు “కన్నడం కలిపి మాట్లాడే అబ్బాయి” అని రాశారు. మడకశిర వైపు పిల్లలు ఆ హోంలో ఎంతమంది ఉంటారనుకున్నారు?

కాగితం మీద అన్నీ కొట్టేసినా మీ నడక చెప్పేస్తుంది. తొమ్మిది మందితో ఐదేసి నిమిషాలు మాట్లాడి, పదోవాడితో అరగంట కూర్చుంటే తలుపు బయట నిలబడ్డవాడు లెక్కేసుకుంటాడు. ఒక పిల్లాడు “స్టోర్‌రూములో సబ్బులు ఉన్నాయి, మాకివ్వరు” అన్నాడనుకోండి. వెంటనే లేచి స్టోర్‌రూము తాళం అడిగారా, వాడి పేరు మీరే చెప్పినట్టు. అందుకే ముందు మాటలన్నీ పూర్తి కావాలి, ఆ తర్వాతే గదులు, రిజిస్టర్లు. అందరికీ అవే ప్రశ్నలు, ఇంచుమించు అంతే సమయం. ఏమీ చెప్పనివాడితో కూడా క్రికెట్ గురించైనా మాట్లాడుతూ ఆ సమయం కూర్చోండి. వింటున్నప్పుడు పెన్ను ముట్టుకోకండి. నేనయితే అందరితో మాట్లాడటం అయ్యాకే నోట్సు తెరుస్తాను. పదిమంది మాటలు గుర్తుండవని భయపడేవాళ్లు ప్రతి ఒక్కరి దగ్గరా రెండు ముక్కలు రాసుకోండి, వాడు ఏమీ చెప్పకపోయినా సరే.

ఇక రాయడం. వీలైనంత వరకు పిల్లాడు చెప్పినదాన్ని మీ కంటితో చూసినదిగా మార్చుకోవాలి. నీళ్ల సంగతి తీసుకుందాం. అనంతపురం ఎండాకాలం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. “రోజు విడిచి రోజు స్నానం చేయిస్తున్నారని ఒక బాలుడు తెలిపాడు” అని రాస్తే ఒక్కడి మాట, రేపు కొట్టిపారేస్తారు, వాడి మీద కోపం మాత్రం మిగులుతుంది. అదే ఇలా రాయండి: “ఉదయం 11 గంటలకు బాత్‌రూముల్లో కుళాయిలన్నీ తిప్పి చూశాం, నీళ్లు రాలేదు. తొట్లు ఎండి ఉన్నాయి. హోంలో ఉన్నవారు 32 మంది, పనిచేస్తున్న మరుగుదొడ్లు 3. బాలల న్యాయ చట్టం 2016 నమూనా నిబంధనల ప్రకారం ఏడుగురికి ఒకటి చొప్పున 5 ఉండాలి.” ఇందులో సాక్షి కుళాయి. పదిమందికి ఒక స్నానాల గది అన్న లెక్క కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, అదీ వేయండి. (నేను ఎక్కడికెళ్లినా ముందు మరుగుదొడ్లు చూసే రకం. ఆఫీసు గదిలో టీ తాగుతూ కూర్చుంటే ఈలోగా అక్కడ ఫినాయిల్ వాసన వచ్చేస్తుంది.)

భోజనం కూడా అంతే, వడ్డించేవేళ అక్కడ ఉండండి, చాలు.

దెబ్బల విషయం దగ్గరే చిక్కు. ఇక్కడ కుళాయి సాక్ష్యం చెప్పదు. కొందరు తెలివిగా “మెడికల్ రిజిస్టరులో గాయాల నమోదు లేదు, ఆసుపత్రి ఓపీ చీటీ మాత్రం ఉంది” అని రాశారు. ఆలోచన మంచిదే, కానీ చీటీ ఒక్కటే ఉంటే మళ్లీ ఆ ఒక్కడే దొరికిపోతాడు. ఇలాంటిది మామూలు రిపోర్టులోకి రాకూడదు. విడిగా కవరులో పెట్టి, ఈ పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డు ప్రిన్సిపల్ మేజిస్ట్రేటుకు అందించాలి. ముందుగా ఆ గార్డును రాత్రి డ్యూటీ నుంచి తప్పించమని అందులోనే అడగండి. విచారణ సంగతి తర్వాత. కవరు ఇచ్చేముందు పిల్లాణ్ని అడగాలి: “ఇది జడ్జిగారికి చెప్పనా?” వద్దంటే ఎందుకు వద్దో వినండి, బలవంతం చేయకండి.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. లైంగిక వేధింపు గురించి చెబితే పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం తెలియజేసి తీరాలి, దాచే వీలు లేదు. అందుకని మాట మొదట్లోనే “కొన్ని సంగతులు నేను దాచలేను” అని పిల్లలకు చెప్పండి. మీలో ఒక్కరు కూడా ఈ మాట చెప్పినట్టు రాయలేదు. “నువ్వేం చెప్పినా ఎవరికీ తెలియదు” అని మాటిచ్చినవాళ్లు మాత్రం ముగ్గురున్నారు.

రిపోర్టు ఇచ్చాక మళ్లీ ఎవరో ఒకరు త్వరగా వెళ్లాలి. బాలల న్యాయ చట్టం సెక్షన్ 54 కింద ఉండే తనిఖీ కమిటీ కనీసం మూడు నెలలకోసారి వెళ్తుంది, అంత ఆగితే లాభం లేదు. జువైనల్ జస్టిస్ బోర్డు అదే చట్టం సెక్షన్ 8 ప్రకారం నెలకోసారైనా వెళ్లాలి కాబట్టి ఆ తనిఖీలో ఎవరిని చూడాలో కవరులో రాసివ్వండి. ఎవరినైనా గది మార్చారా, ఇంటికి ఫోన్లు ఆపేశారా, వంట పనికో ఊడ్చే పనికో కొత్తగా పెట్టారా అన్నది చూడాలి.

అనుమతి లెటరు, గుర్తింపు కార్డు, ఆడపిల్లల హోం అయితే వెంట మహిళా సభ్యురాలు: ఇవి మళ్లీ చెప్పను.

అభ్యాసం. మీ వీధిలో ఎనిమిది మందిని మున్సిపాలిటీ నీళ్ల గురించి విడివిడిగా అడగండి. అందులో ఒకరైనా వాటర్‌మ్యాన్ మీద కోపంగా ఉన్నవాళ్లు ఉండాలి. ఒక పేజీ రాసి, ఆ ఎనిమిది మందినీ బాగా ఎరిగినవాళ్ల చేతికివ్వండి, కిరాణా కొట్టాయన అయితే సరిగ్గా సరిపోతాడు. ఏ ఒక్క వాక్యం చూసి “ఇది ఫలానా ఆమె మాట కదూ” అన్నా చించేసి మళ్లీ రాయండి. అలాగని మరీ నీరుగార్చి, నీళ్లు ఎప్పుడు రావట్లేదో తెలియకుండా రాస్తే అదీ లెక్కకు రాదు. కొట్టాయన పోల్చుకోలేని పేజీ వచ్చాక దాన్నీ, చించిన వాటినీ కలిపి పంపండి. చించినవే నేను ముందు చదువుతాను.

వయసు పాఠం వచ్చేసారి. అప్పటికి బాలల న్యాయ చట్టంలో వయసు నిర్ధారణ గురించిన సెక్షన్ 94 ఒకసారి చదివి, ఎవరిదైనా స్కూలు స్టడీ సర్టిఫికెట్ ఒకటి దగ్గర పెట్టుకోండి.