కలంకారీ సంచులు కుట్టి అమ్మదలచినవారు వేసుకోవలసిన లెక్కలు

ఇంట్లో కుట్టుమిషను, చేతిలో కాస్త పనితనం ఉన్నవారు సంచులు కుట్టి అమ్మాలనుకున్నప్పుడు సాధారణంగా డిజైన్లతో మొదలుపెడతారు. నిజానికి మొదలుపెట్టవలసింది గడియారంతో. గుడ్డకు, జిప్పుకు, దారానికి పెట్టిన ఖర్చును ఎవరైనా రాసుకుంటారు గానీ, మిషను ముందు కూర్చున్న గంటలకు వెల కట్టి ధరలో కలుపుకొనేవారు తక్కువ. అలా కలుపుకోనివారి వ్యాపారం ఆర్డర్లు పెరిగినకొద్దీ నష్టంలోకి జారుతుంది.

ముందు గుడ్డ సంగతి చూద్దాం. మచిలీపట్నం దగ్గరి పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ సంచులకు బాగా నప్పుతుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనికి ఖరీదు ఎక్కువ కాబట్టి దానిని సంచి అంతటికీ కాక, జేబు మీదనో మూత మీదనో ఒక ముక్కగా వాడుకోవడం మేలు. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్ గుడ్డ కూడా బజారులో విరివిగా దొరుకుతుంది. చేతి అచ్చులో ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట గీతలు కొద్దిగా తప్పుతాయి, రంగు ఒత్తిడి కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. స్క్రీన్ ప్రింట్‌లో అలాంటి తేడాలు పెద్దగా కనబడవు. స్క్రీన్ ప్రింట్ వాడడంలో తప్పు లేదు గానీ, దానిని చేతి అచ్చు అని చెప్పి అమ్మడం తప్పు.

కొన్న గుడ్డను ఉతకకుండా కత్తిరించకూడదు. గంజి పోయేదాకా చల్లటి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరవేసి, ఉతకడానికి ముందూ తరువాతా పొడవు కొలిచి, ఎంత కుంచించుకుపోయిందో రాసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు రంగు అంటుతుంటే, ఆ గుడ్డను లేతరంగు లైనింగుతో జతచేయకూడదు.

14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉండే మామూలు భుజం సంచిని ఉదాహరణగా తీసుకుందాం. కుట్లకూ పై మడతకూ కలుపుకొంటే ఒక్కో ముక్క 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు కావాలి. 44 అంగుళాల పన్నా (అడ్డం వెడల్పు) ఉన్న గుడ్డ ఒక మీటరులో ఇలాంటి ముక్కలు 4, అంటే 2 సంచులకు సరిపడా వస్తాయి. పక్కన మిగిలే 14 అంగుళాల పట్టీని మూడున్నర అంగుళాల చొప్పున నిలువుగా చీలిస్తే 4 పిడులు కూడా అందులోనే వస్తాయి. 26 అంగుళాల పిడులు తీశాక మిగిలిన ముక్క లోపలి జేబులకు పనికివస్తుంది. ఈ కోత పటాన్ని అట్టమీద గీసి పెట్టుకుంటే ప్రతిసారీ కొలతలు వేసుకొనే సమయం కలిసివస్తుంది.

సంచి మొదట పాడయ్యేది పిడి అతుకు దగ్గరే. అక్కడ లోపలివైపు కాన్వాసు ముక్క వేసి, చతురస్రంగా కుట్టి, దాని మధ్య మూలనుంచి మూలకు అడ్డంగా రెండు కుట్లు వేయాలి. మందమైన పొరల మీద 16 లేదా 18 నంబరు సూది వాడితే కుట్టు దాటిపోదు.

ఇక ధర. ఇక్కడ వేసే అంకెలు పద్ధతి తెలియడం కోసమే. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. గుడ్డ మీటరు 240 రూపాయలైతే సంచికి 120; లైనింగుకు 40; జిప్పు, దారం, లేబులుకు 35. ఇవి కలిపి 195. కోత, కుట్టు, ఇస్త్రీ కలిపి 2 గంటలు పట్టి, గంటకు 100 రూపాయలు వేసుకుంటే 200. కరెంటు, మిషను మరమ్మతు, చెడిపోయిన ముక్కలు, ప్యాకింగుకు 35. మొత్తం 430. దీనిపై 60 రూపాయలు లాభం వేసుకుంటే 490 అవుతుంది. ఆ సంచిని దుకాణంలో పెడితే అమ్మకపు ధరలో 30 శాతం వారు తీసుకుంటారనుకుంటే, 490 చేతికి రావాలంటే ధర బిళ్ల మీద 700 ఉండాలి. చాలామంది 490 మీద 30 శాతం కలిపి 637 వేస్తారు. అప్పుడు చేతికి వచ్చేది 446 మాత్రమే, లాభం 16 రూపాయలకు దిగిపోతుంది. ఇంటి దగ్గర కొన్నవారికైనా ధర 700గానే ఉంచాలి, లేకపోతే దుకాణదారు రెండోసారి సరుకు తీసుకోరు.

బజారులో 250కే సంచి దొరుకుతుందని కొనేవారు అంటే ధర తగ్గించడం పరిష్కారం కాదు. పట్టే సమయాన్ని తగ్గించుకోవాలి. ఒక్కొక్క సంచీ మొదలుపెట్టి పూర్తిచేయడం కాకుండా, పదింటిని ఒకేసారి కత్తిరించి, ముందు పిడులన్నీ, తరువాత జేబులన్నీ, చివర పక్క కుట్లన్నీ వేస్తే గంటలు గణనీయంగా తగ్గుతాయి. ఇది సాధ్యం కావాలంటే మోడళ్లు మూడు నాలుగుకు మించకూడదు. అడిగినవారందరికీ అడిగిన కొలతల్లో కుట్టిపెట్టడం మర్యాదగానే ఉంటుంది గానీ, అది గిట్టుబాటు కాని మర్యాద.

మన ప్రాంతంలో ఈ పనికి వెన్నెముక తాంబూలం సంచులు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, శ్రావణమాసపు వ్రతాలకు వందల్లో ఆర్డర్లు వస్తాయి. విదేశాల్లో ఉన్న తెలుగువారు కూడా ఇక్కడినుంచి తెప్పించుకుంటారు. నమూనా సంచిలో నిజమైన కొబ్బరికాయ, జాకెట్టు ముక్క, పండ్లు పెట్టి చూసిన తరువాతే కొలత ఖాయం చేయాలి. సగం సొమ్ము ముందుగా తీసుకోవాలి, లేబులు మీద వేసే పేర్ల అక్షరాలను వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. అద్దకం ఒక దఫాకూ మరో దఫాకూ రంగు మారుతుంది కాబట్టి మొత్తం ఆర్డరుకు కావలసిన గుడ్డను, పైన పదో వంతు అదనంగా, ఒకే దఫాలో కొనాలి.

ఇంకొక చిక్కు ఉంది. కలంకారీ గుడ్డను తయారుచేసేటప్పుడు కాలువ నీళ్లలో జాడించి ఎండలో ఆరబెట్టాలి గనుక వానాకాలంలో పని మందగిస్తుంది. శ్రావణమాసపు గిరాకీ వచ్చేది సరిగ్గా అప్పుడే. అందుచేత ఆ గుడ్డను వేసవిలోనే కొని ఉంచుకోవాలి. ముహూర్తాలు లేని ఆషాఢాన్ని దుకాణాలకు ఇచ్చే భుజం సంచులు కుట్టుకోవడానికి వాడుకోవచ్చు.

కాగితాల పని అనుకున్నంత భారం కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగేవారిని దగ్గరికి రానీయకూడదు. చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది. అర్హులకు 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకూ, తరువాత 2 లక్షల వరకూ రుణం దొరుకుతుంది. జీఎస్టీ నమోదుకు వస్తువుల అమ్మకంలో సాధారణ పరిమితి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఇతర రాష్ట్రాలకు, ఆన్‌లైన్ సంస్థల ద్వారా అమ్మేటప్పుడు నియమాలు వేరు కాబట్టి ఆడిటరును ఒకసారి అడగడం మంచిది.

కొరియరుకు ఇచ్చేటప్పుడు పెట్టె కంటే కవరు చవక. చాలా సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దాని ప్రకారమే వసూలు చేస్తాయి. మడతపెట్టిన గుడ్డ సంచికి ఆ భారం అనవసరం. అమ్మిన ప్రతి రకం గుడ్డలోనూ జానెడు ముక్క దాచి ఉంచితే, పిడి తెగిందని తిరిగి వచ్చిన సంచిని అదే గుడ్డతో బాగుచేసి పంపవచ్చు. మొదటి ఏడాది ఆ మరమ్మతుకు డబ్బు తీసుకోకుండా, ఆ ఖర్చును పైన కరెంటు, మిషను మరమ్మతు వగైరాలకు వేసుకున్న 35 రూపాయల పద్దులోనే చూపించుకోవాలి.