గ్యాస్ ఫైర్‌ప్లేస్: వెంట్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా?

వెంట్, అంటే పొగని బయటికి పంపే గొట్టం, లేని గ్యాస్ ఫైర్‌ప్లేస్ గురించి అడగ్గానే అమ్మేవాళ్ళు చెప్పే మొదటి మాట, గ్యాస్‌లో ఉన్న వేడి దాదాపు 99 శాతం గదిలోనే ఉంటుందని. అబద్ధమేం కాదు. కానీ ఎందుకు ఉంటోంది అని కూడా అడగాలి కదా. మంట నుంచి వచ్చింది ఏదీ బయటికి పోవడం లేదు, అందుకే. వేడితో పాటు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, కొంత నైట్రోజన్ డయాక్సైడ్, మంట సరిగ్గా మండని రోజున కార్బన్ మోనాక్సైడ్ కూడా మనం కూర్చున్న గదిలోకే వస్తాయి. పొగ కంటికి కనపడదు కాబట్టి లేదనుకుంటాం, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చలికాలమంతా రోజూ గంటల తరబడి వెలిగించేదైతే డైరెక్ట్ వెంట్ తీసుకోండి, అంటే మంటకి గాలి బయటి నుంచే తీసుకుని పొగని బయటికే వదిలే రకం. వెంట్ లేనిది ఎప్పుడో ఒకసారి, కాసేపు, గాలి ఆడే పెద్ద గదిలో వాడేవాళ్ళకి పర్వాలేదు. ఇంకేమైనా ఆలోచించే ముందు మీరుండే చోట అది పెట్టుకోవచ్చో లేదో కనుక్కోండి. కాలిఫోర్నియాలో ఇళ్ళల్లో వెంట్ లేని గ్యాస్ హీటర్లకు అనుమతి లేదు, కెనడాలోనూ ఇంట్లో పెట్టనివ్వరు, అమెరికాలో మిగతా చాలా రాష్ట్రాల్లో పెట్టుకోవచ్చు కానీ ఊరిని బట్టి షరతులుంటాయి. బిల్డింగ్ పర్మిట్లు ఇచ్చే ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది.

జనం తక్కువగా పట్టించుకునేది తేమ సంగతి. సహజ వాయువు మండితే నీరు పుడుతుంది, అది మంట స్వభావం, కంపెనీ లోపం కాదు. గంటకి 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) ఫైర్‌ప్లేస్ ఒక గంట మండితే దాదాపు 1.25 లీటర్ల నీరు ఆవిరిగా గదిలో చేరుతుంది. సాయంత్రం నాలుగు గంటలు వెలిగించారనుకోండి, 5 లీటర్లు. ఆ ఆవిరి ఎక్కడికీ పోదు, వెళ్ళి చల్లగా ఉన్న కిటికీ అద్దం మీదా, బయటి గోడ మూలలోనూ, అల్మారా వెనకా నీరవుతుంది. తర్వాత బూజు. కొత్త ఇళ్ళల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే చలిగాలి రాకుండా వాటిని బిగించి కడతారు, చలిగాలి రాని ఇంట్లోంచి ఆవిరీ పోదు. చలికాలంలో గాలి బాగా పొడిబారిపోయే ఇంట్లో కొంచెం తేమ రావడం హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ పనికి హ్యుమిడిఫయర్ ఉంది, దాన్ని ఎంత కావాలో అంతకి తిప్పుకోవచ్చు.

వెంట్ లేని దాంట్లో ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా, భయం దేనికి అంటారు. ఉంది. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ 18 శాతానికి పడిపోయేలోపు పైలట్ మంట (బర్నర్‌ని అంటించే చిన్న మంట) తేడా గమనించి గ్యాస్ ఆపేస్తుంది. మంచిదే. కానీ అది చూసేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. బర్నర్‌లో దుమ్ము పేరుకున్నా, కట్టెల్లా కనపడ్డానికి పెట్టే పింగాణీ దుంగ ఒకటి పక్కకి జరిగి మంటకి అడ్డం వచ్చినా, ఆక్సిజన్ నిక్షేపంలా ఉండగానే మోనాక్సైడ్ రావచ్చు. అందుకే వెంట్ లేని సెట్‌లో దుంగల్ని అందం కోసం అటూ ఇటూ జరపకూడదు, మాన్యువల్‌లో బొమ్మ ఎలా ఉంటే అలాగే ఉంచాలి. ఏ రకం కొన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాల్సిందే, పడకగదుల దగ్గర ఒకటి తప్పనిసరిగా. నైట్రోజన్ డయాక్సైడ్‌ని మాత్రం ఈ రెండూ పట్టుకోలేవు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళో, పసిపిల్లలో ఉంటే వెంట్ లేని దాని జోలికి పోకండి, నేనైతే ఇక్కడ ఇంకో ఆలోచన కూడా చెయ్యను.

సరే, వెంట్ ఉన్నవన్నీ ఒకటేనా అంటే కాదు. గోల మొత్తం ఇక్కడే.

పాత కట్టెల పొయ్యి చిమ్నీలో పెట్టే వెంటెడ్ గ్యాస్ లాగ్స్ (పింగాణీ దుంగల సెట్) చూడ్డానికి అసలు మంటలా భలే ఉంటాయి, కానీ వేడిలో ఎక్కువ భాగం చిమ్నీ గుండా పైకి పోతుంది, పోతూ పోతూ గదిలో వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. వేడి కోసమే అయితే వద్దు. రెండోది బీ వెంట్, ఇది గదిలోని గాలినే మంటకి వాడుకుని పొగని నిటారు గొట్టంలోంచి పైకప్పు మీదకి పంపుతుంది. బిగుతుగా ఉన్న ఇంట్లో వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ గట్టిగా తిరిగితే ఆ పొగ వెనక్కి తిరిగి గదిలోకి వచ్చే ప్రమాదం ఉంది.

మూడోది డైరెక్ట్ వెంట్. గొట్టంలో గొట్టం ఉంటుంది, లోపలి దాంట్లోంచి పొగ బయటికి పోతే, దాని చుట్టూ ఉన్న సందులోంచి మంటకి కావలసిన గాలి బయటి నుంచే లోపలికి వస్తుంది. ముందు అద్దం గట్టిగా మూసి ఉంటుంది కాబట్టి గదిలో గాలికీ మంటకీ సంబంధమే లేదు. చిమ్నీ అక్కర్లేదు, చాలా మోడళ్ళకి బయటి గోడకి కన్నం వేస్తే చాలు. సామర్థ్యం సుమారు 65 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది. 99తో పోలిస్తే తక్కువే, కానీ వెంట్ లేనిది వెలిగించినప్పుడు కిటికీ కాస్త తెరిచి పెట్టమని చాలా మాన్యువళ్ళు చెప్తాయి, ఆ సందులోంచి పోయే వేడి లెక్క ఎవరూ కట్టరు.

పాత చిమ్నీ ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. వెంటెడ్ లాగ్స్, వెంట్ లేని లాగ్స్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వెంటెడ్ సెట్ పెట్టి, వేడి పోతోంది కదా అని చిమ్నీ డ్యాంపర్ (పొగ దారిని మూసే రేకు) మూసేశారో, ప్రాణాల మీదకి వస్తుంది. డ్యాంపర్ పూర్తిగా మూసుకుపోకుండా క్లాంప్ బిగిస్తారు, దాన్ని ఎవరూ తీసెయ్యకుండా చూసుకోండి. ఇల్లు కొన్నప్పుడే ఉన్న సెట్ అయితే లోపలి ప్లేట్ మీద రకం రాసి ఉంటుంది, అది చదవకుండా వెలిగించొద్దు.

ఇంత చదివాక కూడా వెంట్ లేనిదే కావాలంటే సైజు దగ్గర ఆశపడకండి. అమెరికా గ్యాస్ కోడ్‌లో లెక్క ఏంటంటే, ప్రతి 1,000 బీటీయూలకి 50 ఘనపుటడుగుల జాగా ఉండాలి. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గది 1,344 ఘనపుటడుగులు, అంటే 26,880 బీటీయూలు దాటకూడదు. అదీ సందుల్లోంచి గాలి ఆడే ఇంటికి చెప్పిన లెక్క. పడకగదిలో 10,000, బాత్రూంలో 6,000 మించనివ్వరు, అవీ గోడకి బిగించినవే అయి ఉండాలి. నన్నడిగితే పడకగదిలో అసలు వద్దు, నిద్రపోయే మనిషికి తలనొప్పి తెలియదు.

కరెంటు పోతే పనికొస్తుందని వెంట్ లేనిది కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. డైరెక్ట్ వెంట్‌లోనూ ఎప్పుడూ వెలిగే పైలట్ ఉన్న మోడళ్ళు కరెంటు లేకుండా నడుస్తాయి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవాటిలో చాలా వాటికి బ్యాటరీ ఉంటుంది. బ్లోయర్ ఫ్యాన్ ఒక్కటే తిరగదు. కాబట్టి ఆ ఒక్క కారణంతో వెంట్ వదులుకోనక్కర్లేదు.

ఆర్డర్ ఇచ్చే ముందు గొట్టం ఏ గోడలోంచి పోతుందో మేస్త్రీని కాదు, గ్యాస్ లైసెన్స్ ఉన్న మనిషిని పిలిచి చూపించండి. బయట గొట్టం మూతికీ కిటికీలకీ మధ్య ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, మంచు పడే చోటైతే మంచు పేరుకున్నా మూసుకుపోని ఎత్తులో పెట్టించాలి. మీది సహజ వాయువా, ప్రొపేనా అన్నది ముందే చెప్పండి, రెండింటికీ బర్నర్ రంధ్రాలు వేరు. డైరెక్ట్ వెంట్ అద్దం చెయ్యి పెడితే వెంటనే కాలేంత వేడెక్కుతుంది, ముందు తెర జాలీ వస్తుంది, శుభ్రం చెయ్యడానికి తీసి పక్కన పెట్టి మర్చిపోకండి.

మొదటిసారి వెలిగించినప్పుడు కొత్త పెయింటు కాలి రెండు మూడు గంటలు వాసన వస్తుంది, కిటికీలు తీసి పెట్టండి, పొగకి అలారం మోగినా కంగారు పడొద్దు. కానీ అది కార్బన్ మోనాక్సైడ్ అలారం అయితే మాత్రం అందరూ బయటికి వచ్చేసి అక్కడి నుంచే ఫోన్ చెయ్యండి.