నవల చేతిలో, సీరియల్ కళ్ల ముందు – 3వ పాఠం: కథకుడి గొంతు ఎటు పోయింది?

కిందటి పాఠంలో నవల అధ్యాయాలనూ సీరియల్ భాగాలనూ పక్కపక్కన రాసుకుని, ఏ సన్నివేశం మిగిలిందో ఏది ఎగిరిపోయిందో గుర్తుపెట్టడం నేర్చుకున్నాం. ఆ పట్టిక పారేయకండి, మళ్లీ పనికొస్తుంది. కానీ అక్కడే ఆగిపోతే "పుస్తకంలో ఉన్నది తీసేశారు" అన్న ఫిర్యాదు దగ్గరే ఉండిపోతాం. సన్నివేశాలన్నీ ఉంచి కూడా నవలను పోగొట్టుకోవచ్చు. ఎందుకంటే నవలలో సంఘటనలతో పాటు వాటిని చెప్పే మనిషి ఒకరుంటారు. కెమెరా ముందుకు వచ్చేసరికి ఆ మనిషికి కుర్చీ ఉండదు. ఆ గొంతును ఎవరికి అప్పగించారో పట్టుకోవడమే ఈ పాఠం.

మనం పని చేయబోయేది జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మీద, 1995లో బీబీసీ దాన్ని ఆరు భాగాలుగా తీసిన సీరియల్ మీద. స్క్రీన్‌ప్లే ఆండ్రూ డేవీస్, దర్శకుడు సైమన్ లాంగ్టన్. కథానాయిక ఎలిజబెత్‌గా జెన్నిఫర్ ఎలీ, కథానాయకుడు డార్సీగా కాలిన్ ఫర్త్. నవల ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొనక్కర్లేదు.

ముందు చిన్న ఉదాహరణ. డబ్బున్న బ్రహ్మచారికి పెళ్లాం కావాలన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యమని నవల మొదలవుతుంది. ఆ మాట కథకురాలిది. పెళ్లీడు కూతుళ్లున్న ఊరంతటినీ చూసి ఆమె ఒకింత నవ్వుకుంటోంది. సీరియల్‌లో ఆ మాటను ఎలిజబెత్ నోట పెట్టారు, అమ్మానాన్నల సంభాషణ మధ్యలో తనే అనేస్తుంది. ఒక్క వాక్యం చేతులు మారగానే ఎలిజబెత్ తెలివి మనకు మొదటి నిమిషాల్లోనే తెలిసిపోయింది. కానీ నవల దగ్గర మనకూ ఆమెకూ మధ్య ఉన్న దూరం చెరిగిపోయింది. పుస్తకంలో కథకురాలు ఎలిజబెత్‌ను చూసి కూడా నవ్వగలదు. ఇక్కడ నవ్వే హక్కు ఎలిజబెత్‌కే ఇచ్చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎలిజబెత్ పొరబడే ఘట్టం వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

ఇప్పుడు అసలు పని. 34, 35, 36 అధ్యాయాలు చదవండి. తర్వాత సీరియల్ మూడో భాగం చివర, నాలుగో భాగం మొదలు చూడండి. వరుస ఇదే ఉండాలి. ముందు చూసేస్తే ఫర్త్ ముఖం మీ చదువులోకి వచ్చి కూర్చుంటుంది, ఇక లేవదు.

34లో డార్సీ పెళ్లి అడుగుతాడు, ఎలిజబెత్ కాదంటుంది. తన అక్క జేన్‌ను ఆమె మనసిచ్చిన బింగ్లీ నుంచి విడదీశావని, డార్సీ చిన్ననాటి తోడు విక్హామ్‌కు అన్యాయం చేశావని రెండు నేరాలు మోపుతుంది. 35లో మర్నాడు నడకకు వెళ్లిన ఆమెకు తోట గేటు దగ్గర డార్సీ ఎదురై, చదవమని ఉత్తరం చేతికిచ్చి, వంగి నమస్కరించి వెళ్లిపోతాడు. అతను బస చేసిన రోజింగ్స్ భవనం నుంచి, పొద్దున ఎనిమిది గంటలకు రాసినట్టు దాని మీద ఉంటుంది. రెండు కాగితాల నిండా ఇరుకిరుగ్గా రాసి, చోటు చాలక పైన చుట్టిన కాగితం కూడా నింపేశాడు. ఆ రాత్రి అతను నిద్రపోయాడా, ఏడ్చాడా, కాగితాలు చింపాడా, ఆస్టిన్ ఒక్క ముక్క చెప్పదు. మనం ఎలిజబెత్ పక్కనే నిలబడి ఉన్నాం. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు.

36వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. ఈ నవల గుండెకాయ ఇదేనని నేను నమ్ముతాను. ఎలిజబెత్ ఉత్తరం మొదటిసారి చదివేటప్పుడు తర్వాతి వాక్యంలో ఏముందోనన్న ఆత్రంలో ముందున్న వాక్యం అర్థం కాదు. విక్హామ్ సంగతి వచ్చేసరికి ఇదంతా అబద్ధం అనుకుంటుంది. ఇక ముట్టుకోనని మడిచి పెట్టేస్తుంది. అరనిమిషం గడవకుండా మళ్లీ విప్పుతుంది. ఈసారి ఒక్కో వాక్యం దగ్గర ఆగి, తనకు గుర్తున్న విక్హామ్ మాటలతో పోల్చుకుంటుంది. ఆ నడక దారిలోనే రెండు గంటలు అటూ ఇటూ తిరుగుతుంది. తనను తాను ఇంతవరకూ ఎరగలేదని తెలుసుకునేది అప్పుడే. బయటినుంచి చూస్తే జరిగింది ఏమీ లేదు, ఒకమ్మాయి నడుస్తూ కాగితం చదివింది. లోపల మాత్రం మనిషే మారిపోయింది.

దీన్ని తెర మీదికి ఎలా తేవాలి? డేవీస్ డార్సీ గదిలోకి వెళ్లాడు. నాలుగో భాగం మొదట్లో డార్సీ రాత్రివేళ కూర్చుని ఉత్తరం రాస్తుంటే, అతని గొంతు వినబడుతుంటే, విక్హామ్‌తో గడిచిన పాత రోజులు, చెల్లెలు జార్జియానాను రామ్స్‌గేట్‌లో విక్హామ్ మాయచేయబోయిన సంగతి కళ్లకు కట్టినట్టు కనబడతాయి. ఇది బాగుందా లేదా అన్నది తర్వాత. ముందు ఏం మారిందో చూడండి.

మొదటిది, సాక్ష్యం. పుస్తకంలో ఉత్తరం ఒకడి మాట మాత్రమే, నమ్మాలో వద్దో ఎలిజబెత్ తేల్చుకోవాలి. తెర మీద విక్హామ్ చేసింది మనం కళ్లారా చూశాం. ఉత్తరం ఇంకా ఎలిజబెత్ చేతికి రాకముందే మనం తీర్పు చెప్పేశాం. ఆమె చేయాల్సిన కష్టమైన పని మన దగ్గర అప్పటికే అయిపోయింది.

రెండోది ఇంకా సూక్ష్మం. కాగితం మీది ఉత్తరానికి సొంత గొంతు లేదు. చదివేవాళ్లే దానికి గొంతు ఇస్తారు. ఎలిజబెత్ మొదటిసారి కోపంగా చదివినప్పుడు అవే మాటలు పొగరుగా వినిపిస్తాయి. రెండోసారి అవే మాటలు నిజాయితీగా వినిపిస్తాయి. ఒక్క అక్షరం మారలేదు, గొంతు మారింది. సీరియల్‌లో ఉత్తరం ఫర్త్ గొంతుతో వస్తుంది. ఆ గొంతులో గాయం ఉంది, గౌరవం ఉంది. పొగరుగా వినే అవకాశం మనకు లేకుండా పోయింది.

నన్నడిగితే ఇది పెద్ద నష్టమే. అయినా డేవీస్‌ను తప్పుపట్టలేను. నవలలో డార్సీ చాలాసేపు కనబడడు, కనబడినా మాట్లాడడు. వారానికో భాగం చొప్పున టీవీలో చూసేవాళ్లకు అతను రాతిబొమ్మగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే సీరియల్ పొడుగునా అతను ఒంటరిగా ఉన్న క్షణాలు చేర్చారు. డార్సీ చెరువులో దిగి ఈదే, అందరికీ గుర్తుండే సన్నివేశం కూడా ఆ కోవలోదే. 43వ అధ్యాయంలో చెరువు ఈత లేదు. డార్సీ గుర్రపుశాలల వైపు దారి నుంచి అకస్మాత్తుగా వస్తాడు, ఇద్దరి మధ్య ఇరవై గజాల దూరం, ఇద్దరి ముఖాలూ ఎర్రబడతాయి. అంతే.

కథకుడి గొంతును ఉన్నదున్నట్టు ఉంచేసిన సీరియల్ కూడా ఉంది. 1981లో గ్రనాడా సంస్థ పదకొండు భాగాలుగా తీసిన బ్రైడ్స్‌హెడ్ రివిజిటెడ్‌లో చార్లెస్ రైడర్ చెప్పే కథ జెరెమీ ఐరన్స్ గొంతులో నవల వాక్యాలతోనే నడుస్తుంది. అక్కడ కథ చెప్పేది పాత్రే కాబట్టి కుదిరింది. ఆస్టిన్ కథకురాలు పాత్ర కాదు. ఆమెకు గొంతు ఇవ్వాలంటే ఎవరి గొంతు ఇస్తారు?

ఇక మీ అభ్యాసం. నోటుబుక్కులో ఒక పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు 36వ అధ్యాయంలో ఎలిజబెత్ మనసు మలుపు తిరిగిన ప్రతి చోటూ మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. కుడివైపు సీరియల్‌లో ఆ మలుపు దేనివల్ల తెలిసిందో రాయండి: ముఖమా, నడకా, గొంతా, పాత దృశ్యమా. ఏదీ దొరక్కపోతే గీత పెట్టి వదిలేయండి, కల్పించవద్దు. ఆ అరనిమిషం దొరుకుతుందేమో ప్రత్యేకంగా వెతకండి. ఇంకొకటి, పుస్తకంలో ఉత్తరం ముందు జేన్ సంగతి చెప్పి తర్వాత విక్హామ్ దగ్గరికి వస్తుంది. సీరియల్‌లో ఏది ముందు వినబడిందో రాసి, ఆ వరుస వల్ల డార్సీ మీద మీకు ఏమనిపించిందో రెండు వాక్యాలు చేర్చండి.

వచ్చే పాఠం డికెన్స్ నవల బ్లీక్ హౌస్ మీద. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబర్ దాకా నెలనెలా వచ్చిన ఆ నవలలో కథకులు ఇద్దరు. ఈలోగా మొదటి అధ్యాయమూ మూడో అధ్యాయమూ చదివి రండి, రెండు గొంతుల తేడా చెవికి పట్టాలి. 2005 నాటి సీరియల్ మాత్రం అప్పుడే తెరవకండి.