మూత మూసినా కరిగిపోయే ఛార్జింగ్
రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెట్టి ల్యాప్‌టాప్ మూత మూసి పడుకుంటే, పొద్దున అనంతపురం నుంచి కర్నూలు వెళ్లే బస్సులో తెరిచేసరికి సగం కూడా ఉండేది కాదు, పైగా బ్యాగులో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. మా ఎండలకి బ్యాటరీ పోయిందేమోనని కొత్తది కొనబోయాను. తీరా చూస్తే నా ల్యాప్‌టాప్ నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో ఉండే మెమ్_స్లీప్ ఫైల్‌లో వాడుకలో ఉన్న నిద్ర రకాన్ని చూపించే బ్రాకెట్లు ఎస్2ఐడిల్ అనే తేలికపాటి నిద్ర చుట్టూ ఉన్నాయి, పక్కనే డీప్ అనే గాఢనిద్ర ఊరికే పడి ఉంది. అంటే కునుకు తీస్తోందే తప్ప నిద్రపోవట్లేదన్నమాట. డీప్‌లో అయితే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగుతుంది. సిస్టమ్‌ని స్టార్ట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగ్స్ ఫైల్‌లో, కెర్నల్‌కి (అంటే లినక్స్ గుండెకాయకి) ఆదేశాలిచ్చే లైనుకి మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ చేర్చి, అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ కొట్టి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు రాత్రికి రెండు మూడు శాతమే పోతోంది. లేవడానికి కాస్త బద్ధకిస్తుంది, ఫర్వాలేదు. మీ ఫైల్‌లో అసలు డీప్ అనే మాటే లేకపోతే ఇది పనిచేయదు, బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే వెళ్లగలిగే సెట్టింగ్స్‌లో) స్లీప్ ఆప్షన్ ఏమైనా ఉందేమో చూడండి.