రోడ్ ట్రెయిన్‌ను లేన్ మార్పు పరీక్షకు దింపే ముందు

ఆస్ట్రేలియాలో భారీ వాహనాల పనితీరును బట్టి అనుమతించే పీబీఎస్ పద్ధతిలో గంటకు 88 కి.మీ. వేగంతో రోడ్ ట్రెయిన్‌ను, అంటే ఒక ట్రక్కు వెనక వరుసగా ట్రెయిలర్లు తగిలించిన బండిని, పక్క లేన్‌లోకి తిప్పే ముందు:

- మొదట చివరి ట్రెయిలర్ సంగతి చూడండి. ముందు ట్రక్కు కాస్త ఊగితే అది అంతకంటే ఎక్కువ ఊగుతుంది. సీట్లో కూర్చున్న డ్రైవర్‌కు తెలిసేసరికే దాని చక్రాలు లేచిపోవచ్చు. పక్కకు బోల్తా పడకుండా అవుట్‌రిగ్గర్లు (బండికి రెండు పక్కలా చాచి ఉండే ఆధారపు కడ్డీలు) బిగించండి, అవి నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి.
- లోడు కాంక్రీటు దిమ్మెలైతే మేలు, గొలుసులతో బిగించాలి. బరువు సరిపోతే చాలదు, ఎత్తు కూడా అసలు సరుకుకు సరిపోవాలి. సగం నిండిన నీళ్ల ట్యాంకులు మాత్రం వద్దే వద్దు.
- టైర్లలో గాలి, డ్రాబార్ (ట్రెయిలర్‌ను ముందు బండికి కలిపే కడ్డీ) పిన్నులు, బ్రేకు గొట్టాలు సరిచూడండి.
- నేల తడిగా ఉన్నా, ఈదురుగాలి ఉన్నా వాయిదా వేయండి, ఎవరు తొందరపెట్టినా సరే.
- తక్కువ వేగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. క్యాబిన్‌లో డ్రైవర్ ఒక్కరే ఉండాలి.